విన్న మాటను ఎవరికి అప్పగించాలి? తోటి విద్యార్థులకు తోడ్పడే శిక్షణపై పరిశీలన

హాస్టల్లో చదివే పిల్లకు కష్టం కలిగితే ఆ సంగతి మొదట తెలిసేది వార్డెన్‌కు కాదు, పాఠం చెప్పే టీచర్‌కు కాదు, తల్లిదండ్రులకు అసలే కాదు. పక్కన పడుకునే స్నేహితురాలికి. అన్నం ముట్టకపోవడం, స్టడీ అవర్లో ఒకే పేజీ తెరిచి కూర్చోవడం, ఇంటికి ఫోను చేసే వంతు వచ్చినా వద్దనడం వంటివి పెద్దల కంట పడేసరికి వారాలు గడిచిపోతాయి, తోటివారికి రెండో రోజే తెలిసిపోతాయి. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతంలో ఈ మాట మరింత నిజం. ఆదోని, కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు పల్లెల్లో ఖరీఫ్ పంట తీరిపోగానే కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, బయలుదేరతాయి. కొందరు గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు పోతే, మరికొందరు బెంగళూరులో కట్టడాల పనికి పోతారు. వెంట తీసుకుపోలేని పిల్లలు కస్తూర్బా విద్యాలయాల్లోనో, సంక్షేమ హాస్టళ్లలోనో, అవ్వాతాతల దగ్గరో ఉండిపోతారు. ఆ నెలల్లో వారికి రాత్రీ పగలూ అందుబాటులో ఉండే మనుషులు సాటి పిల్లలే.

కాబట్టి విద్యార్థులకే శిక్షణ ఇచ్చి, తోటివారికి తోడు నిలిచేలా తయారుచేయాలన్న ఆలోచన సహజంగానే పుడుతుంది. అయితే ఈ ఆలోచనలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి కనిపిస్తాయి. పదిహేనేళ్ల పిల్లను చిన్నపాటి కౌన్సెలర్‌గా మార్చి, మరొకరి దుఃఖాన్ని తానే తీర్చమనడం ఒకటి. స్నేహితురాలి మాట ఓపికగా విని, ఆ మాట చేరవలసిన పెద్దల దగ్గరికి ఆమెను తోడుకొని వెళ్లడం నేర్పడం రెండోది. మొదటిది పిల్లల మీద మోయలేని బరువు పెట్టడం. రెండోది సాధ్యమైనది, అవసరమైనది. వినడం పిల్లలకు చాలావరకు వచ్చు. విన్నదాన్ని ఎవరికి అప్పగించాలో తెలియదు, అప్పగించిన చోట ఏం జరుగుతుందో అంతకంటే తెలియదు. శిక్షణకు అసలు పని ఇక్కడ ఉంది, అది కూడా పిల్లల కంటే ముందు పెద్దలతో మొదలుకావాలి.

పిల్లలు పిల్లలకు తోడ్పడడం ఈ సీమకు కొత్త పద్ధతి కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించినప్పుడు, బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ 1823లో తన నివేదిక పంపాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతమూ, ఆదోని, ఆలూరూ అప్పుడు బళ్లారి జిల్లాలోనివే. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని, వాటిలో 226 తెలుగు బడులని ఆయన లెక్క. ఆ నివేదికలో ఆయన మెచ్చుకున్న సంగతుల్లో ఒకటి, ముందు నేర్చిన పిల్లలు వెనకున్నవారికి నేర్పడం, ఆ నేర్పడంలో తమ చదువూ గట్టిపడడం. ఇంగ్లండు సైతం అనుకరించిన పద్ధతి ఇదని ఆయన రాశాడు. ఆ అనుకరణకు మూలం మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ చేసిన ప్రయోగం. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. వీధి అరుగు మీద పెద్దపిల్లవాడు చిన్నపిల్లవాడి చేత అక్షరాలు దిద్దిస్తున్నప్పుడు అయ్యవారు అదే అరుగు మీద కూర్చుని ఉండేవాడు. తప్పు పోతే సరిదిద్దే పెద్ద చెవి దగ్గరలోనే ఉండేది. చదువు విషయంలో ఉన్న ఆ ఏర్పాటు మనసు విషయంలోకి వచ్చేసరికి కనబడదు. రాత్రి పది గంటలకు డార్మిటరీలో ఒక పిల్ల ఇంకొక పిల్లతో చెప్పుకునే మాటకు దగ్గరలో ఏ పెద్ద చెవీ ఉండదు.

ఇటువంటి శిక్షణ ఫలితం ఇస్తుందా అన్న ప్రశ్నకు ఇతర చోట్ల జరిగిన అధ్యయనాలు కొంత జవాబు చెబుతాయి. అమెరికాలో 18 ఉన్నత పాఠశాలల్లో జరిగి, 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, శిక్షణ పొందిన విద్యార్థి నాయకులు బడి వాతావరణాన్నే కొంత మార్చగలిగారని తేలింది. పెద్ద బడుల్లో వారు ఆత్మహత్య ఆలోచనలున్న స్నేహితుడి సంగతి పెద్దలకు చేర్చడం, శిక్షణ లేనివారితో పోలిస్తే నాలుగు రెట్లు ఎక్కువగా జరిగింది. ఆ పిల్లలు చేసిన పని వైద్యం కాదు, చేరవేయడం. ఐరోపాలో పది దేశాల్లోని 168 బడుల్లో 11,110 మంది విద్యార్థులతో జరిగిన మరో అధ్యయనం 2015లో వెలువడింది. అందులో మూడు పద్ధతులను పోల్చారు: ఉపాధ్యాయులకు మాత్రమే శిక్షణ ఇవ్వడం, నిపుణులు పిల్లలను పరీక్షించి గుర్తించడం, విద్యార్థులందరి చేతా పాత్రలు ధరింపజేసి, చర్చలు నడిపి, తమ కష్టాన్నీ స్నేహితుల కష్టాన్నీ గుర్తించేలా చేయడం. ఏడాది తర్వాత చూస్తే మూడో పద్ధతిలోనే స్పష్టమైన మార్పు కనబడింది. కొత్తగా ఆత్మహత్యా ప్రయత్నం చేసినవారు మామూలు బడుల్లో 1.51 శాతం ఉండగా, ఈ పద్ధతి అమలైన బడుల్లో 0.70 శాతమే ఉన్నారు.

మన దేశంలో నుంచి వచ్చిన ఆధారం ఇంకా ఆలోచింపజేస్తుంది. బిహార్‌లోని నలందా జిల్లా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జరిగిన ఒక ప్రయోగంలో కొన్ని బడులకు ఆ పనికోసమే నియమించిన, మనోవైద్య పట్టా లేని సాధారణ కార్యకర్తను ఇచ్చారు. మరికొన్ని బడుల్లో అదే పనిని ఉన్న ఉపాధ్యాయుడికే అప్పగించారు. పిల్లల బృందాలు, మనసులోని మాట రాసి వేసే పెట్టె, గోడపత్రిక వంటివి రెండు చోట్లా ఉన్నాయి. కార్యకర్త ఉన్న బడుల్లో దిగులు, వేధింపులు తగ్గాయి, బడి మీద పిల్లలకు నమ్మకం పెరిగింది. ఉపాధ్యాయుడికి అదనపు పనిగా అప్పగించిన బడుల్లో చెప్పుకోదగిన మార్పు రాలేదు. ఇది ఉపాధ్యాయులను తప్పుపట్టే ఫలితం కాదు. సిలబస్, మధ్యాహ్న భోజనం, యాప్‌లలో వివరాలు ఎక్కించడం మధ్య నలిగే మనిషికి ఇంకొక బాధ్యత జతచేస్తే, పిల్లవాడు తలుపు దగ్గర నిలబడిన క్షణంలో ఆయనకు తీరిక ఉండదు. వినడానికని ఒక మనిషి ప్రత్యేకంగా ఉండాలి, ఆ మనిషికి వేరే పని తక్కువగా ఉండాలి.

ప్రభుత్వ పథకాల్లో తోటి పిల్లల తోడ్పాటుకు చోటు లేకపోలేదు. 2014 జనవరి 7న మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం గ్రామాల్లో కౌమారదశలోని పిల్లల నుంచే సహచర బోధకులను ఎంపిక చేయాలంది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా, విద్యార్థులను ఆరోగ్య సందేశకులుగా చూసింది. పేరులోనే ఉన్నట్టు ఈ పిల్లలకు అప్పగించిన పని ముఖ్యంగా సందేశం చెప్పడం. రక్తహీనత గురించో, చేతుల శుభ్రత గురించో చెప్పడానికి ఆ ఏర్పాటు చాలు. కుమిలిపోతున్న స్నేహితురాలి పక్కన కూర్చోవడానికి కావలసింది వేరే విద్య. అక్కడ చెప్పడం తక్కువ, వినడం ఎక్కువ.

ఆ విద్యలో మొదటిది, సలహా ఇవ్వాలన్న తొందరను ఆపుకోవడం. మన ఇళ్లలో ఎవరు కష్టం చెప్పుకున్నా వెంటనే ధైర్యం చెప్పడం మర్యాద. ‘ఏం కాదులే’, ‘దీనికే ఏడుస్తారా’, ‘మీ అమ్మానాయన పడే కష్టం తలుచుకో’ అనడం ప్రేమతోనే. కానీ చెప్పుకునే పిల్లకు ఆ మాటలు తలుపు మూసినట్టు వినిపిస్తాయి, ముఖ్యంగా అమ్మానాయనల కష్టమే ఆమె దిగులుకు కారణమైనప్పుడు. శిక్షణలో ఈ భాగాన్ని ఉపన్యాసంగా చెప్పి లాభం లేదు. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, ఒకరు చెప్పగా మరొకరు ఏ సలహా ఇవ్వకుండా వినే అభ్యాసం పదే పదే చేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని చూడడం, వినడం, చేర్చడం అనే మూడు మెట్లుగా ఈ పనిని విడదీసింది. మన శిక్షణల్లో రెండో మెట్టుకు వచ్చేసరికే సమయం అయిపోతుంది, మూడోది కరపత్రంలో ఒక ఫోను నంబరుగా మిగిలిపోతుంది.

రెండోది, సూటిగా అడగడం. ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం పిల్లల్లోనే కాదు, పెద్దల్లోనూ గట్టిగా ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు ఉన్నత పాఠశాలల్లో 2,342 మంది విద్యార్థులతో జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనం ఈ భయానికి ఆధారం లేదని చూపింది. అడిగినందువల్ల ఆ ఆలోచన పెరగలేదు, అప్పటికే దిగులుతో ఉన్న పిల్లలకు కొంత ఊరట కలిగింది. అడగడం ఎలాగో తెలిసిన స్నేహితురాలు ఆ రాత్రి గడిపించగలదు, ఉదయం వెంట ఉండి మేడమ్ గదికి తీసుకుపోగలదు.

మూడోది, అన్నిటికంటే కష్టమైనది, రహస్యం. ‘ఎవురికీ చెప్పాకక్కా’ అని చిన్న తరగతి పిల్ల పెద్ద తరగతి పిల్ల చేత ఒట్టు వేయించుకోవడం హాస్టళ్లలో మామూలు. ఒట్టు వేశాక దాన్ని తప్పడం ఆ వయసులో ద్రోహంగా తోస్తుంది. తప్పకపోతే ప్రమాదం ముదురుతుంది. ఈ ముడి పడకుండా చూడాలంటే శిక్షణ పొందిన పిల్లకు మాట మొదట్లోనే చెప్పడం రావాలి: ‘నీ మాట పదిమందిలో పెట్టను పాపా. అయితే నీ పాణానికి ఆపద అనిపిస్తే మాత్రం ఇద్దరమూ కలిసే పోయి మేడమ్‌కు చెబ్దాం.’ ప్రాణానికి ముప్పు, ఒంటి మీద చేయి వేసినవారి సంగతి, బాల్య వివాహానికి ఇంట్లో జరుగుతున్న ఏర్పాటు వంటివి విన్న పిల్ల ఒంటరిగా దాచుకోకూడదు. ఇక్కడ చట్టం కూడా స్పష్టంగా ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది, అయితే ఆ శిక్ష పిల్లలకు వర్తించదు. అంటే స్నేహితురాలి నుంచి విన్న పిల్ల భయపడి నోరు మెదపకపోయినా చట్టం ఆమెను దోషిగా చూడదు. ఆమె వచ్చి చెప్పిన తర్వాత వార్డెన్ నోరు మెదపకపోతే అది నేరం. ఈ తేడాను శిక్షణలో పిల్లలకూ వార్డెన్‌కూ ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పాలి.

ఇక అప్పగించిన తర్వాత జరిగే సంగతి. మొత్తం ఏర్పాటు నిలిచేదీ కూలేదీ ఇక్కడే, దీని మీద శిక్షణ పత్రాల్లో కనబడేది అతి తక్కువ. ఒక పిల్ల ధైర్యం చేసి స్నేహితురాలిని తీసుకుని టీచర్ దగ్గరికి వెళ్లిందనుకుందాం. ఆ టీచర్ ప్రేయర్లో అందరి ముందూ ‘ఇట్లాంటి ఆలోచనలు మానుకోవాలి’ అని ఉపన్యాసం ఇచ్చినా, వెంటనే ఇంటికి ఫోను చేసి ‘మీ పిల్లను వచ్చి తీసుకుపోండి’ అన్నా, టీసీ మాట ఎత్తినా, ఆ బడిలో ఇంకెవరూ మరో మూడేళ్లు నోరు తెరవరు. ఆడపిల్లల విషయంలో దీని పర్యవసానం మరీ తీవ్రం. పశ్చిమ కర్నూలు పల్లెల్లో చదువు మధ్యలో ఇంటికి చేరిన పిల్లకు మళ్లీ బడి దారి దొరకడం కష్టం. చాలాచోట్ల ఆ తర్వాతి మాట పెళ్లి సంబంధమే. ఆ సంగతి పిల్లలకు బాగా తెలుసు కాబట్టే చెప్పడానికి భయపడతారు. అందువల్ల పెద్దలకు ఇవ్వవలసిన శిక్షణలో మొదటి పాఠం, పిల్ల చెప్పిన మొదటి గంటలో ఏం చేయకూడదన్నది. ఎవరికి చెప్పబోతున్నారో ఆ పిల్లకు ముందే చెప్పడం, తల్లిదండ్రులను పిలిచేటప్పుడు ఏ మాటలతో చెప్పాలో ఆమెతో కలిసి ఆలోచించడం, ఇల్లే ప్రమాదమైనప్పుడు పిల్లల సహాయ ఫోను నంబరు 1098 ద్వారా బాలల సంరక్షణ యంత్రాంగాన్ని కలపడం వంటివి ముందుగా అభ్యాసం చేసి ఉండకపోతే ఆ గంటలో తోచవు.

పిల్లలు అప్పగించిన మాటను అందుకోవలసిన మనిషి గురించి న్యాయస్థానం కూడా మాట్లాడింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న జాతీయ నేర గణాంకాలను ప్రస్తావించి, విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు నిర్దేశించింది. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, మనస్తత్వ నిపుణుడో, సామాజిక కార్యకర్తో ఉండాలంది. అంతకంటే చిన్నవి బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలంది. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ తప్పనిసరి చేసింది. ఈ లెక్కన కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లోని కార్పొరేట్ జూనియర్ కళాశాలలు మొదలుకొని మండలాల్లోని గురుకులాల వరకు చాలావాటికి ఒక మనిషి రావాలి. ఆ మనిషి రాకముందే పిల్లలకు శిక్షణ మొదలుపెడితే, పిల్లలు తెచ్చిన మాట మోసుకుని తిరగవలసి వస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో పనిచేస్తుంది, మంచిదే. కానీ హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు, ఉన్న ఒక్క ఫోను ఆఫీసు గదిలో నలుగురి మధ్య ఉంటుంది. ఆ నంబరుకు ఎవరూ వినని చోట నుంచి, ఎందుకని అడగకుండా మాట్లాడనిచ్చే ఏర్పాటు ఖర్చులేనిది, గోడ మీద పోస్టరు కంటే పనికొచ్చేది. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మనోవైద్యులున్నారు. మారుమూల మండలం నుంచి అక్కడికి పోవడమే ఒక పూట ప్రయాణం కాబట్టి, ఏ పిల్లను ఎవరు వెంటబెట్టుకుని పోతారు, బస్సు ఖర్చు ఎవరిది అన్నవి ముందే తేల్చి ఉంచాలి.

ఎవరిని ఎంపిక చేయాలన్నది చిన్న ప్రశ్నలా కనిపించి ఫలితాన్నంతా మార్చేస్తుంది. టీచర్లను అడిగితే మొదటి ర్యాంకు పిల్ల పేరో, క్లాసు లీడరు పేరో చెబుతారు. మార్కులు తగ్గి కుమిలే పిల్ల మొదటి ర్యాంకు పిల్ల దగ్గరికి పోదు. అల్లరి చేసినవారి పేర్లు బోర్డు మీద రాసే లీడరుకు తన రహస్యం చెప్పదు. ‘నీకు బాధ కలిగితే ఈ తరగతిలో ఎవరితో చెప్పుకుంటావు’ అని చీటీ మీద రాయించి, ఎక్కువమంది రాసిన పేర్ల నుంచి ఎంచుకోవడం మేలైన పద్ధతి. అప్పుడు కూడా ఒక జాగ్రత్త కావాలి. సుగాలి తండా నుంచి వచ్చిన పిల్ల, ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పిల్ల, ఆదోని, మడకశిర వైపు కన్నడం మాట్లాడే పిల్ల, కులం కారణంగా పక్కన కూర్చోబెట్టుకోని పిల్ల ఎవరి పేరు రాశారో విడిగా చూడాలి. ఎవరి పేరూ రాయని పిల్లలను మరీ శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే ఈ ఏర్పాటంతా ఎవరికోసమో ఆ పిల్లలు వారే. ఎంపికైన వారిని సిబ్బంది గూఢచారులుగా వాడుకోకూడదు. గోడ దూకి సినిమాకు పోయిందెవరు, ఫోను దాచిందెవరు అని ఒక్కసారి ఆ పిల్లను అడిగితే చాలు, తోటివారు ఆమెకు చెప్పుకోవడం ఆ రోజుతో ఆగిపోతుంది.

కళాశాలల్లో ఇందుకు ఒక చట్టబద్ధమైన చట్రం ఇప్పటికే ఉంది. ర్యాగింగ్ నిరోధానికి యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనలు ప్రతి సంస్థలోనూ స్వచ్ఛందంగా ముందుకొచ్చిన సీనియర్లతో మార్గదర్శక విభాగం ఉండాలని, ఆరుగురు కొత్త విద్యార్థులకు ఒక సీనియర్, అటువంటి ఆరుగురు సీనియర్లకు వారికంటే పై తరగతి విద్యార్థి ఒకరు చొప్పున ఉండాలని చెప్పాయి. పదో తరగతి కాగానే వచ్చి ఆరేళ్లు ఉండి చదివే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వంటి చోట ఈ పద్ధతికి మంచి అవకాశం ఉంది. మొదటి ఏడాది పిల్లవాడికీ ఆఖరి ఏడాది విద్యార్థికీ మధ్య అన్నాతమ్ముళ్ల వరస ఎలాగూ ఏర్పడుతుంది. ర్యాగింగ్ జరగకుండా కాపలా కాయడం మీదే దృష్టి పెట్టి, ఆ ఆరుగురి లెక్కను పత్రాల్లో ఉంచేస్తే ఆ అవకాశం వృథా అవుతుంది. ఇంగ్లీషులో పాఠం అర్థంకాక మొదటి సెమిస్టర్లోనే వెనకబడిన తెలుగు మాధ్యమం పిల్లవాడికి కావలసింది మొదట ఒక అన్న, ఆ తర్వాతే కౌన్సెలర్. చదువు సాయం నెపంతో మొదలైన మాట మెల్లగా మనసులోకి పోతుంది.

సాయం చేసే పిల్లల గురించి ఆలోచించేవారు తక్కువ. నలుగురి దుఃఖం విన్న పిల్లకు నిద్ర పట్టదు, తన పరీక్షలూ తనకున్నాయి, తన ఇంట్లోనూ అప్పులున్నాయి. శిక్షణ ఇచ్చిన రోజునే వారికి మూడు హక్కులు చెప్పాలి: ‘ఈ రోజు నా వల్ల కాదు’ అనే హక్కు, నెలనెలా ఒక పెద్దతో కూర్చుని తాము విన్నదాని బరువు దించుకునే హక్కు, ఏడాది కాగానే తప్పుకునే హక్కు. తాము తోడు నిలిచిన స్నేహితుడికి ఏదైనా జరగరానిది జరిగితే, మొదట పలకరించవలసింది ఈ పిల్లలనే. ‘నువ్వు ముందే ఎందుకు చెప్పలేదు’ అన్న మాట ఎవరి నోటి నుంచీ రాకుండా చూసే బాధ్యత ప్రధానోపాధ్యాయుడిది. ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న అంకె జిల్లా సమావేశాల్లో బాగుంటుంది, కానీ అది ఏ సంగతీ చెప్పదు. పేర్లు బయటపెట్టకుండా, ఎన్ని మాటలు పెద్దల వరకు వచ్చాయి, వచ్చినవాటిలో ఎన్నిటికి వారం లోపల ఎవరైనా స్పందించారు అన్న లెక్క రాసి ఉంచితే ఏర్పాటు బతికి ఉందో లేదో తెలుస్తుంది.

కాలం విషయంలో కూడా స్థానిక సంగతులు చూసుకోవాలి. శిక్షణ సాధారణంగా ఏ బడ్జెట్ విడుదలైనప్పుడో, ఏ దినోత్సవం నాడో జరుగుతుంది. ఇక్కడి హాస్టళ్లలో తోడు ఎక్కువగా కావలసిన రోజులు మూడు: జూన్‌లో కొత్త పిల్లలు చేరినప్పుడు, సుగ్గి మొదలై అమ్మానాయన ఊరు విడిచినప్పుడు, పరీక్షల ఫలితాలు వచ్చినప్పుడు. మొదటి రెండింటికి పిల్లలు హాస్టల్లో ఉంటారు కాబట్టి జూన్‌లోపే, మళ్లీ దసరా సెలవుల తర్వాత శిక్షణ పెట్టుకుంటే సరిపోతుంది. మూడోది వేరు. ఇంటర్, పదో తరగతి ఫలితాలు వచ్చే వేసవిలో పిల్లలంతా ఎవరి ఊళ్లలో వారుంటారు, పక్కన పడుకునే స్నేహితురాలు ఉండదు, చాలా ఇళ్లలో పెద్దలు పని నుంచి ఇంకా తిరిగి రాలేదు. అందువల్ల చివరి పరీక్ష రాసి హాస్టల్ ఖాళీ చేసే రోజునే ఎవరు ఎవరికి ఫోను చేయాలో జతలు కట్టి, ఇంటి నంబరో పక్కింటి నంబరో రాయించుకుని, ఫలితాలు వెలువడిన సాయంత్రం ప్రతి జతా మాట్లాడుకున్నదీ లేనిదీ ఒక టీచర్ అడిగి తెలుసుకోవాలి. ఫోను ఎత్తని పిల్ల ఇంటికి ఆ రాత్రే ఆ ఊరి సచివాలయం ఏఎన్ఎమ్‌నో, ఆశా కార్యకర్తనో పంపగలిగేలా వారి నంబర్లు కూడా ఆ టీచర్ దగ్గర ఉండాలి.